సరకు లారీ నడపడానికి ఇరవై ఏళ్ల వయోనిబంధన: చట్టం, ఆచరణ, చర్చ

(ప్రత్యేక వ్యాసం)

పద్దెనిమిదేళ్లు నిండిన యువకుడు ఓటు వేయవచ్చు. లైసెన్సు పొంది సొంత కారు నడపవచ్చు. సైన్యంలో చేరితే రక్షణ అవసరాలకు వినియోగించే భారీ వాహనాన్ని సైతం నడపవచ్చు. అయితే భీమవరం చేపల లోడుతో కోల్‌కతాకు, గుంటూరు మిర్చి లోడుతో ఢిల్లీకి బయలుదేరే లారీ స్టీరింగు పట్టడానికి మాత్రం అతడు మరో రెండేళ్లు ఆగవలసి ఉంటుంది. ఇది మోటారు వాహనాల చట్టం, 1988 విధించిన నిబంధన.

రవాణా రంగంలో డ్రైవర్ల కొరత ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా ఈ రెండేళ్ల నిరీక్షణ అవసరమా అనే ప్రశ్న తలెత్తుతోంది. ప్రమాదం జరిగిన సమయంలో స్టీరింగు వద్ద ఉన్నది క్లీనర్ కుర్రాడని తేలినప్పుడల్లా అసలు ఆ నిబంధన ఎంతవరకు అమలవుతోందనే మరో ప్రశ్న ముందుకు వస్తోంది. ఈ రెండింటినీ వేర్వేరుగా చర్చించడం పరిపాటి అయింది. నిజానికి మొదటి ప్రశ్నకు సమాధానం రెండవ ప్రశ్నలోనే ఉంది. ఈ నేపథ్యంలో చట్టంలోని అంశాలను, ఆచరణలోని పరిస్థితిని, ఇతర దేశాల అనుభవాన్ని పాత్రికేయుల, అధికారుల సౌలభ్యం కోసం ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

చట్టం ఏమి చెబుతోంది

మోటారు వాహనాల చట్టం, 1988 అదే పేరుగల 1939 నాటి చట్టం స్థానంలో 1989 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులోని 4వ సెక్షన్ వయోపరిమితులను నిర్దేశిస్తుంది. దాని ప్రకారం 18 ఏళ్లు నిండనివారు బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనం నడపరాదు. ఇంజను సామర్థ్యం 50 సి.సి.కి మించని మోటారు సైకిల్ విషయంలో మాత్రం 16 ఏళ్లకు అనుమతి ఉంది. అదే సెక్షన్‌లోని రెండవ ఉపవిభాగం, 20 ఏళ్లు నిండనివారు రవాణా వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపరాదని స్పష్టం చేస్తుంది. మూడవ ఉపవిభాగం మరింత ముఖ్యమైనది. వయోర్హత లేనివారికి ఆ తరగతి వాహనం నడిపే లైసెన్సునే కాదు, నేర్చుకునే దశలో ఇచ్చే లెర్నర్ లైసెన్సును సైతం జారీ చేయరాదని అది శాసిస్తుంది.

దీనికి 7వ సెక్షన్ మరో షరతును జోడిస్తుంది. తేలికపాటి మోటారు వాహనం నడిపే లైసెన్సును కనీసం ఒక సంవత్సరం కలిగి ఉన్నవారికే రవాణా వాహనానికి లెర్నర్ లైసెన్సు ఇవ్వవలసి ఉంటుంది. కాబట్టి 18వ ఏట కారు లైసెన్సు పొందిన యువకుడికి 19వ ఏట అనుభవపు షరతు నెరవేరినా, వయోనిబంధన మరో ఏడాది అడ్డు నిలుస్తుంది. 20 ఏళ్లు నిండిన తరువాతే అతడు చట్టబద్ధంగా లారీ నడపడం నేర్చుకోవడం ప్రారంభించగలడు.

ఇక్కడ సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పును గమనించాలి. తేలికపాటి మోటారు వాహన లైసెన్సు కలవారు 7,500 కిలోల స్థూల బరువు మించని రవాణా వాహనాన్ని ప్రత్యేక అనుమతి లేకుండానే నడపవచ్చని ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న తీర్పు చెప్పింది. రవాణా వాహనాలకు నిర్దేశించిన అదనపు అర్హతా షరతులు అంతకు మించిన బరువుగల వాహనాలు నడపదలచినవారికే వర్తిస్తాయని ధర్మాసనం పేర్కొంది. దూరప్రాంతాలకు సరకు చేరవేసే లారీలు దాదాపుగా ఈ బరువును మించినవే. పది చక్రాల లారీ స్థూల బరువు 2018లో సవరించిన పరిమితుల ప్రకారం 28.5 టన్నుల వరకు ఉండవచ్చు. అందువల్ల ఈ తీర్పు సుదూర సరకు రవాణాకు సంబంధించిన వయోనిబంధనను సడలించినట్లు భావించరాదు.

సైన్యానికి మినహాయింపు ఎందుకు

రక్షణ అవసరాలకు వినియోగించే కేంద్ర ప్రభుత్వ వాహనాలు నడిపేందుకు 18 ఏళ్లు నిండినవారికి లైసెన్సు ఇవ్వవచ్చని ఇదే చట్టంలోని 18వ సెక్షన్ అనుమతిస్తోంది. పద్దెనిమిదేళ్లకే భారీ వాహనం నడపగల శక్తి ఉంటుందని చట్టమే ఒప్పుకున్నట్లు కాదా అని వయోపరిమితి తగ్గించాలనేవారు ప్రశ్నిస్తుంటారు. ఈ వాదనకు బలం ఉంది. అయితే ఆ సెక్షన్‌లోనే మరో షరతు ఉంది. సదరు వాహనం ఎటువంటి వాణిజ్య వ్యవహారంతోనూ సంబంధం లేనిదై ఉండాలి.

ఈ తేడా యాదృచ్ఛికం కాదు. సైనిక డ్రైవర్ నిర్ణీత శిక్షణ పొంది, పై అధికారుల ఆజ్ఞకు లోబడి నడుపుతాడు. సరకు లారీ డ్రైవర్‌కు లోడు ఎంత త్వరగా చేరితే అంత త్వరగా తదుపరి ట్రిప్పు దొరుకుతుంది. ఆలస్యమైతే అద్దెలో కోత పడుతుంది. ఆ ఒత్తిడి మధ్య విశ్రాంతి ఎప్పుడు తీసుకోవాలో, ఎక్కడ ఆగాలో అతడే ఒంటరిగా నిర్ణయించుకోవాలి. చట్టం ఇరవై ఏళ్లు కోరుతున్నది స్టీరింగు తిప్పే కండబలం కోసం కాదని, ఇటువంటి నిర్ణయాలు తీసుకునే నిబ్బరం కోసమని ఈ మినహాయింపు ద్వారా అర్థం చేసుకోవచ్చు.

ఆచరణలో జరుగుతున్నది

లారీ పరిశ్రమలో డ్రైవర్ వృత్తికి ప్రవేశద్వారం క్లీనర్ పని. చదువు మధ్యలో ఆపిన గ్రామీణ యువకుడు తెలిసిన డ్రైవర్ వెంట బండి ఎక్కుతాడు. టైర్లు తట్టి గాలి చూడటం, టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించడం, వెనుకకు తీసేటప్పుడు దిగి దారి చూపడం, దాబా వద్ద వంట సామాను తీసి అన్నం వండటం అతని పనులు. నెలలు గడిచేకొద్దీ బండి గుణం తెలుస్తుంది. ఇంజను శబ్దాన్ని బట్టి గేరు మార్చవలసిన అదను తెలుస్తుంది. ఆ తరువాత ఒకనాడు డ్రైవర్ అతనికి స్టీరింగు అప్పగిస్తాడు. తరతరాలుగా లారీ డ్రైవర్లు ఈ విధంగానే తయారయ్యారు. పాత డ్రైవర్లను అడిగితే తమకు పని నేర్పిన డ్రైవర్‌ను గురువుగా చెప్పుకోవడం కనిపిస్తుంది.

ఆ స్టీరింగు అప్పగించే వేళ ఏది అన్నదే ఇక్కడ కీలకం. పగటిపూట టోల్ ప్లాజాల వద్ద, పట్టణాలలో తనిఖీ ఉంటుంది కాబట్టి డ్రైవరే నడుపుతాడు. అర్ధరాత్రి దాటాక, రహదారి ఖాళీగా ఉన్నప్పుడు, డ్రైవర్‌కు నిద్ర ముంచుకు వచ్చినప్పుడు కుర్రాడు స్టీరింగు వద్దకు వస్తాడు. అంటే డ్రైవింగులో అత్యంత ప్రమాదకరమైన సమయమే అతనికి పాఠశాల అవుతున్నది. నేర్పవలసిన వ్యక్తి ఆ సమయంలో పక్కన నిద్రలో ఉంటున్నాడు.

దీనికి కారణం లెక్కలోనే ఉంది. విజయవాడ నుంచి కోల్‌కతాకు సుమారు 1,200 కిలోమీటర్లు. లోడు బండి సగటున గంటకు 40 కిలోమీటర్ల వంతున సాగితే 30 గంటల డ్రైవింగు. రోజుకు 8 గంటల వంతున ఒకే డ్రైవర్ నడిపితే నాలుగు రోజులు పడుతుంది. ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడిపితే రెండు రోజులలో చేరవచ్చు. మంచులో పేర్చిన చేపలను నాలుగు రోజులు దారిలో ఉంచడానికి వ్యాపారి ఒప్పుకోడు. రెండవ డ్రైవర్ జీతాన్ని భరించడానికి యజమాని ముందుకు రాడు. నేషనల్ పర్మిట్ లారీలలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న పూర్వపు నిబంధనను కేంద్రం 2018 నవంబరులో తొలగించింది. ఈ స్థితిలో క్లీనర్‌గా లెక్కల్లో ఉన్న యువకుడే అనేక సందర్భాలలో లెక్కకు రాని రెండవ డ్రైవర్ అవుతున్నాడు.

పని గంటల విషయంలో చట్టం మొదటి నుంచీ జాగ్రత్త వహించింది. మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 వయోజన కార్మికులకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పరిమితి విధించింది. 18 ఏళ్లలోపు కౌమార వయస్కులకు రోజుకు 6 గంటలకు మించి పని చెప్పరాదని, రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల మధ్య వారిని పనిలో ఉంచరాదని నిర్దేశించింది. ఈ చట్టం 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి, 2020లో విలీనమైంది. రోజుకు 8 గంటల సూత్రం అందులోనూ కొనసాగుతున్నది.

తగ్గించాలనేవారి వాదన

వయోపరిమితిని 18కి తగ్గించాలనేవారి వాదనలో ప్రధానంగా మూడు అంశాలు కనిపిస్తాయి. మొదటిది జీవనోపాధి. పదవ తరగతి లేదా ఇంటర్మీడియట్ తరువాత చదువు ఆపిన యువకుడు రెండు మూడేళ్లు ఖాళీగా ఉండలేడు. ఆ వ్యవధిలో అతడు గోదాములోనో, భవన నిర్మాణంలోనో, నగరంలో వస్తువుల డెలివరీ పనిలోనో స్థిరపడతాడు. ఇరవై ఏళ్లు నిండేనాటికి లారీ వైపు తిరిగి చూడడు. డ్రైవర్ల కొరతకు ఇది ఒక కారణమని రవాణా వర్గాల అభిప్రాయం.

రెండవది సమానత్వం. పద్దెనిమిదేళ్లవాడు నేరం చేస్తే వయోజనుడిగానే విచారణ ఎదుర్కొంటాడు. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో మరణానికి కారకుడైతే ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. బాధ్యత మోయడానికి సరిపోయిన వయసు పనికి ఎందుకు సరిపోదన్నది వారి ప్రశ్న.

మూడవది వాస్తవికత. కుర్రవాళ్లు ఎలాగూ నడుపుతూనే ఉన్నప్పుడు, ఆ పనిని లైసెన్సు పరిధిలోకి తెస్తే కనీసం శిక్షణ, పరీక్ష, బీమా వర్తిస్తాయని వారు అంటారు.

తగ్గించరాదనేవారి వాదన

ప్రమాదాల గణాంకాలే దీనికి ఆధారం. కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. మృతులలో 66.5 శాతం మంది 18 నుంచి 45 ఏళ్ల వయసువారు. రహదారుల మొత్తం పొడవులో జాతీయ రహదారుల వాటా సుమారు రెండు శాతమే అయినా, మరణాలలో 36.2 శాతం వాటిపైనే సంభవించాయి. అంటే సుదూర లారీ తిరిగే రహదారే అత్యధిక ప్రాణనష్టం జరిగే రహదారి కూడా.

బరువు, వేగాల సంగతి తెలిసిందే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. డ్రైవర్ రెప్ప మూసి మూడు సెకన్లు గడిస్తే 50 మీటర్ల దూరం ఎవరి అదుపూ లేకుండా సాగిపోతుంది. పాతిక టన్నులకు పైబడిన బండి బ్రేకు వేసిన వెంటనే ఆగదు. ముందు వెళుతున్న ట్రాక్టరు, ఆటో, రోడ్డు దాటుతున్న పాదచారి దాని మూల్యం చెల్లించవలసి వస్తుంది.

వయసుకు, నిద్రకు గల సంబంధం మరో అంశం. ఆపదను ముందుగా అంచనా వేసి తొందరపాటును అదుపు చేసే మెదడు భాగం ఇరవైల మధ్య వరకు పరిణతి చెందుతూనే ఉంటుందని వైద్య శాస్త్రం చెబుతున్నది. కౌమారంలో నిద్ర వేళలు సహజంగానే ఆలస్యమవుతాయి, నిద్ర అవసరం కూడా ఎక్కువ. వరుసగా 17 గంటలు మేల్కొని ఉన్న వ్యక్తి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న వ్యక్తి స్థాయికి పడిపోతుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో ప్రకటించారు. మన దేశంలో డ్రైవర్లకు చట్టం అనుమతించే పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అనగా 0.03 శాతం మాత్రమే. ఉదయం లోడు ఎత్తించి, పగలంతా బండి వెంట ఉండి, అర్ధరాత్రి స్టీరింగు పట్టిన క్లీనర్ మద్యం ముట్టకపోయినా ఈ పరిమితిని దాటినవాడి స్థితిలోనే ఉంటాడు.

అమెరికా, ఐరోపా అనుభవం

ఈ సమస్య మన దేశానికే పరిమితమైనది కాదు. అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి సరకు చేరవేసే భారీ ట్రక్కు నడపాలంటే ఫెడరల్ నిబంధనల ప్రకారం 21 ఏళ్లు నిండాలి. రాష్ట్రం లోపల నడిపేందుకు అత్యధిక రాష్ట్రాలు 18 ఏళ్లకే అనుమతిస్తాయి. దీనివల్ల ఒక వైచిత్రి ఏర్పడింది. టెక్సాస్ రాష్ట్రంలో ఎల్ పాసో నుంచి హ్యూస్టన్ వరకు సుమారు 1,200 కిలోమీటర్లు పద్దెనిమిదేళ్ల డ్రైవర్ నడపవచ్చు. అదే డ్రైవర్ సరిహద్దుకు అవతల పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి సరకు చేర్చరాదు. మన చట్టంలో ఇటువంటి తేడా లేదు. రాష్ట్రం లోపలైనా, వెలుపలైనా ఇరవై ఏళ్లే వర్తిస్తాయి.

2021 నవంబరులో ఆమోదం పొందిన మౌలిక వసతుల చట్టం ద్వారా అమెరికా 18 నుంచి 20 ఏళ్ల వయసువారితో మూడేళ్ల ప్రయోగానికి వీలు కల్పించింది. ఒకేసారి 3,000 మందికి మించకుండా శిక్షణ డ్రైవర్లను అనుమతించారు. వారు తొలి దశలో 120 గంటలు, మలి దశలో 280 గంటలు శిక్షణలో గడపాలి. ఈ సమయంలో కనీసం 26 ఏళ్ల వయసు, అంతర్రాష్ట్ర డ్రైవింగులో ఐదేళ్ల అనుభవం గల డ్రైవర్ పక్క సీటులో ఉండాలి. వాహనానికి ఢీకొనే ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు వేసే పరికరం, రహదారిని చిత్రించే కెమెరా, గంటకు 65 మైళ్లకు మించని వేగ నియంత్రణ తప్పనిసరి చేశారు. 2022లో ప్రారంభమైన ఈ ప్రయోగంలో చేరినవారి సంఖ్య అనుమతించిన పరిమితికి ఎంతో దూరంలోనే నిలిచిపోయింది. డ్రైవర్లు కావాలని కోరిన పరిశ్రమ, పక్కన అనుభవజ్ఞుడిని కూర్చోబెట్టి నేర్పవలసి వచ్చేసరికి వెనుకాడడం ఇక్కడ గమనార్హం. కారణం షరతుల భారమేనని రవాణా సంస్థలు చెప్పగా, 2024లో అక్కడి చట్టసభ కొన్నింటిని సడలించింది.

అమెరికాలో 16 నుంచి 19 ఏళ్ల డ్రైవర్ల ప్రాణాంతక ప్రమాదాల రేటు, ప్రయాణించిన దూరాన్ని బట్టి చూసినపుడు, ఇరవై దాటినవారి రేటుకు సుమారు మూడు రెట్లు ఉంటున్నది. ఇవి ప్రధానంగా కార్లకు సంబంధించిన లెక్కలు. లారీకి నేరుగా అన్వయించలేకపోయినా, వయసు ప్రభావాన్ని ఇవి సూచిస్తాయి.

ఐరోపా సమాఖ్య మరో మార్గం అనుసరించింది. 2003లో జారీ చేసిన ఆదేశం ప్రకారం 280 గంటల ప్రాథమిక వృత్తి శిక్షణ పూర్తి చేసినవారు 18 ఏళ్లకే భారీ ట్రక్కు నడపవచ్చు. 140 గంటల సంక్షిప్త శిక్షణ మాత్రమే పొందినవారు 21 ఏళ్ల వరకు ఆగాలి. అంటే అక్కడ తగ్గిన వయసుకు బదులుగా పెరిగిన శిక్షణను చెల్లించాలి. డ్రైవింగు సమయం సాధారణంగా రోజుకు 9 గంటలకు మించరాదన్న నిబంధన, నాలుగున్నర గంటలకు ఒకసారి 45 నిమిషాల విరామం దీనికి తోడుగా ఉన్నాయి.

మన దేశంలో కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం రవాణా వాహన శిక్షణ 30 రోజులకు, వాస్తవ డ్రైవింగు 15 గంటలకు తగ్గరాదు. 2021 జూలై నుంచి అమల్లోకి వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలలో భారీ వాహన కోర్సు ఆరు వారాలలో 38 గంటలు. ఐరోపా 280 గంటలకు, మన 38 గంటలకు మధ్య ఉన్న అంతరం భర్తీ కాకుండా వారి వయోపరిమితిని మాత్రమే అరువు తెచ్చుకోవడం సమంజసం కాదు.

ఉల్లంఘనకు శిక్షలు, బీమా పర్యవసానాలు

అర్హత లేని వ్యక్తిని నడపనివ్వరాదని వాహన యజమానిపై 5వ సెక్షన్ బాధ్యత ఉంచుతున్నది. 2019 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన సవరణల ప్రకారం అటువంటి యజమానికి 180వ సెక్షన్ కింద రూ. 5,000 జరిమానా, మూడు నెలల వరకు జైలు లేదా రెండూ పడవచ్చు. నడిపిన వ్యక్తికి 181వ సెక్షన్ కింద అదే స్థాయి శిక్ష ఉంటుంది. నడిపినది 18 ఏళ్లలోపు బాలుడైతే 199ఎ సెక్షన్ వర్తిస్తుంది. సంరక్షకుడు లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ. 25,000 జరిమానా, వాహన రిజిస్ట్రేషన్ పన్నెండు నెలల రద్దు, ఆ బాలుడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు నిరాకరణ దాని ఫలితాలు.

జరిమానా కంటే బీమా పర్యవసానం భారీగా ఉంటుంది. తగిన లైసెన్సు లేని వ్యక్తి నడపడం బీమా సంస్థ లేవనెత్తగల ఆక్షేపణలలో ఒకటి. ఇటువంటి సందర్భాలలో బీమా సంస్థ ముందుగా బాధితులకు పరిహారం చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకొనే విధానాన్ని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. ఒకటి రెండు లారీలే జీవనాధారంగా గల చిన్న యజమానికి ఒక రాత్రి చేసిన పొదుపు బండినే అమ్ముకొనే పరిస్థితి తేవచ్చు.

రాష్ట్ర పరిధిలో ఏమి సాధ్యం

యాంత్రిక వాహనాలు రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ఉమ్మడి జాబితాలోని 35వ అంశం. కనీస వయసు కేంద్ర చట్టంలో ఉన్నందున దానిని మార్చాలంటే పార్లమెంటు సవరణ అవసరం. శిక్షణ, తనిఖీ, అవగాహన మాత్రం అధిక భాగం రాష్ట్ర యంత్రాంగం చేతిలోనివే. ఇచ్ఛాపురం నుంచి తడ వరకు సుమారు వెయ్యి కిలోమీటర్ల 16వ నంబరు జాతీయ రహదారి, కర్నూలు, అనంతపురం మీదుగా సాగే 44వ నంబరు రహదారి, హైదరాబాద్, విజయవాడలను కలిపే 65వ నంబరు రహదారి గల రాష్ట్రంలో ఈ బాధ్యత మరింత ఎక్కువ.

చట్టాన్ని జాగ్రత్తగా పరిశీలిస్తే ఒక ఉపాయం అందులోనే కనిపిస్తుంది. ఇరవై ఏళ్ల నిషేధం బహిరంగ ప్రదేశానికి సంబంధించినది. బహిరంగ ప్రదేశమంటే ప్రజలకు ప్రవేశ హక్కు గల రోడ్డు లేదా స్థలం అని 2వ సెక్షన్ నిర్వచిస్తుంది. ప్రజలకు ప్రవేశం లేని శిక్షణ ఆవరణలో, అనుభవజ్ఞుడైన శిక్షకుడి పర్యవేక్షణలో, పగటిపూట, ఖాళీ బండితో నేర్పడానికి ఈ నిషేధం అడ్డు రాదు. డ్రైవింగును అనుకరించే సిమ్యులేటర్‌పై నేర్పడానికీ అభ్యంతరం లేదు. ప్రకాశం జిల్లా దర్శిలో ఉన్నటువంటి డ్రైవింగ్ శిక్షణ సంస్థలు ఈ దిశగా ఉపయోగపడగలవు.

దీని ఆధారంగా ఒక క్రమాన్ని ఊహించవచ్చు. 18వ ఏట తేలికపాటి వాహన లైసెన్సు. 18, 20 ఏళ్ల మధ్య క్లీనర్‌గా పని చేస్తూనే ఏటా కొన్ని వారాలు శిక్షణ ఆవరణలో అభ్యాసం, బండి మరమ్మతు, ప్రథమ చికిత్స, లోడు బిగింపు, రహదారి నియమాల పాఠాలు. 20 నిండగానే లెర్నర్ లైసెన్సు. లైసెన్సు వచ్చిన తొలి ఆరు నెలలు పగటి ట్రిప్పులు, తక్కువ దూరాలు, పక్కన సీనియర్ డ్రైవర్. వీటిలో ఏ ఒక్కదానికీ చట్ట సవరణ అవసరం లేదు. యజమానుల సంఘాలు, శిక్షణ సంస్థలు, రవాణా శాఖ అంగీకారానికి వస్తే చాలు. అప్పుడు ఇరవై ఏళ్ల నిబంధన యువకుడికి మూసిన తలుపుగా కాక, చేరవలసిన మెట్టుగా కనిపిస్తుంది.

తనిఖీ అధికారులు, పాత్రికేయులు గమనించవలసినవి

1. లైసెన్సులో రవాణా వాహన అనుమతి ఉన్నదా, అది ఏ తేదీ నుంచి చెల్లుతున్నది అనేది చూడాలి. లైసెన్సు ఉన్నంత మాత్రాన లారీకి అర్హత ఉన్నట్లు కాదు.

2. ప్రమాద వార్తలో డ్రైవర్ పేరు రాసేటప్పుడు ఆ సమయంలో స్టీరింగు వద్ద ఉన్నది ఎవరో నిర్ధారించుకోవాలి. రికార్డులో డ్రైవర్ ఒకరు, నడిపినది మరొకరు కావచ్చు.

3. నడిపిన వ్యక్తి 18 ఏళ్లలోపువాడైతే బాలల న్యాయ చట్టం ప్రకారం అతని పేరు, ఫొటో, గుర్తింపు తెలిపే వివరాలు ప్రచురించరాదు.

4. ప్రమాదం జరిగిన సమయం, బండి బయలుదేరిన సమయం, మధ్యలో ఆగిన వివరాలు సేకరిస్తే అలసట పాత్ర తెలుస్తుంది. టోల్ ప్లాజాల ఫాస్టాగ్ నమోదులు ఇందుకు ఉపయోగపడతాయి.

5. తనిఖీ పగటికే పరిమితమైతే ఈ ఉల్లంఘన కనిపించదు. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము వరకు, పట్టణాలకు దూరంగా ఉన్న చోట్ల తనిఖీ అవసరం.

6. 2025 అక్టోబర్ 1 తరువాత తయారైన మధ్యశ్రేణి, భారీ సరకు వాహనాలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. అంతకు ముందు తయారైన బండ్లలో డ్రైవర్ ఇంజను వేడిలోనే పని చేస్తున్నాడనే సంగతిని అలసట విషయంలో పరిగణించాలి.

ముగింపు

సుదూర లారీ నడిపే వయసును 18కి తగ్గించాలా అనే ప్రశ్నకు, ఇప్పటి శిక్షణ, ఇప్పటి పని గంటల పరిస్థితిలో, తగ్గించరాదన్నదే అందుబాటులో ఉన్న ఆధారాలు సూచించే సమాధానం. అయితే ఇరవై అనే అంకె ఒక్కటే ఎవరినీ కాపాడదు. ఆ అంకెకు ముందున్న రెండేళ్లలో యువకుడికి పగటి వెలుగులో నేర్చుకొనే దారి లేనంత కాలం, అతడు చీకటిలో నేర్చుకుంటూనే ఉంటాడు. రెండవ డ్రైవర్‌కు జీతం, విశ్రాంతికి చోటు, శిక్షణకు సమయం కల్పించినప్పుడే చట్టం కోరిన ఇరవై ఏళ్లకు అర్థం చేకూరుతుంది. లోడు ఒక రోజు ఆలస్యంగా చేరితే కలిగే నష్టాన్ని పూడ్చుకోవచ్చు. తెల్లవారుజామున రహదారిపై పోయిన ప్రాణాన్ని తిరిగి తేవడం ఎవరి తరమూ కాదు.